కుడి వైపు పిల్ల

అర్థాలయ్యకు ఒక సందేహం ఉంది. ఇరవై ఆరేళ్లుగా అది పంటి సందులో ఇరుక్కున్న పీచులా ఉంది. నాలుక ఊరికే అటే పోతుంది, అది మాత్రం ఊడి రాదు. రోజూ పొద్దున్నే స్నానం చేసి దేవుడి అర ముందు కూర్చుని, ఇంటిల్లిపాదినీ చల్లగా చూడమని అడిగాక, లేవబోయే ముందు అదొక్కటి కూడా అడుగుతాడు. స్వామీ, ఆ రోజు మేడ మీది గదిలో నేనన్న మాట పని కోసం అన్నానా, నా కడుపులో ఉన్నదే అలా బయటపడిందా? దేవుడు ఇంతవరకూ జవాబు చెప్పలేదు. చెప్పడని తెలిసే అడుగుతున్నానేమో అని కూడా ఆయనకు ఈ మధ్య అనిపిస్తోంది.

అర్థాలయ్య అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు, ప్రెస్సులో పెట్టింది. చిన్నపిల్లల పుస్తకాలు వేసే ఆ ప్రెస్సులో ఆయన ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశాడు. బొమ్మ కింద ఇంగ్లీషు మాట, దాని కింద అర్థం, దాని కింద ఆ మాటను వాడి చూపే చిన్న వాక్యం, ఇదీ ఆయన రాసేది. పెద్ద చదువు చదివినవాడు కాదు. అయినా పాత యజమానికి ఆయనంటే గురి. కంచంలో కనబడనిది, కిటికీలోంచి కనబడనిది పిల్లలకు రాయకూడదని ఆ యజమాని నియమం. పట్టాలున్న వాళ్లు రాసుకొస్తే, ఈ అర్థానికి మళ్లీ అర్థం రాయాలయ్యా అని విసుక్కునేవాడు. అర్థాలయ్య మాత్రం డోర్ అంటే తలుపు అని రాసి, దాని కింద ‘తలుపు వెయ్యి, ఈగలు వస్తున్నాయి’ అని రాశాడు. ఈగల దగ్గర యజమాని పడీపడీ నవ్వాడు. ఆ రోజుతో ఈయన అర్థాలయ్య అయిపోయాడు. లోకానికంతటికీ అర్థాలు చెప్పే మనిషికి ఇంట్లో ఉప్పు నిండుకుందంటే మాత్రం అర్థం కాదు అని భార్య ఎత్తిపొడిచేది.

ఆయనకు ఒక్కతే కూతురు, బుజ్జి. బుజ్జికి నాలుగేళ్లప్పుడు అర్థాలయ్య చెల్లెలు భర్తను పోగొట్టుకుని, ఒక సంచీతో, ఒక పిల్లతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన రెండో మాట లేకుండా లోపలికి రమ్మన్నాడు. ఈ రోజుల్లో ఇలాంటి అన్న ఎక్కడుంటాడని వీధిలో అందరూ అన్నారు. ఆ మాట ఆయన చెవినా పడింది. పడ్డప్పుడల్లా తలదించుకుని, అంతా పైవాడి దయ అనేవాడు. ఆ వినయంలో కాస్త తీపి ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటాడు.

చెల్లెలి కూతురు బుజ్జి కంటే నాలుగు నెలలు చిన్న. ఒక్కచోట కుదురుగా నిలబడదు, నోరు మూతపడదు. పిచ్చుక అని పేరు పడింది. పిచ్చుక ఇంటి పని చెడగొట్టేది కాదు, ఎవరి మీదా చాడీలు చెప్పేది కాదు. దానితో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. సాయంత్రం అర్థాలయ్య ప్రెస్సు నుంచి కాగితాలు తెచ్చుకుని, తను రాసిన మాటలు పిల్లలకు ఎక్కుతున్నాయో లేదో చూడడానికి బుజ్జిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగేవాడు. స్పూన్ అంటే ఏమిటమ్మా? బుజ్జి పైకప్పు వైపు చూసేది. వంటింటి గుమ్మంలోంచి పిచ్చుక చెప్పేసేది. చెప్పి ఊరుకునేది కాదు, ‘మావయ్యా, నువ్వు చెంచాతో కాఫీ కలిపావు అని రాయి, గలగల చప్పుడు కూడా వస్తుంది’ అనేది. అది ఆయన రాసినదానికంటే బాగుండేది.

‘నిన్ను కాదు అడిగింది’ అనేవాడు.

ఆ ‘నిన్ను కాదు’ ఆ ఇంట్లో రోజూ వినబడేది. చెల్లెలు చేతిలో పని ఆపకుండానే, ఇలా రావే అని పిల్లని లోపలికి పిలుచుకునేది.

పిల్లలిద్దరికీ ఎనిమిదేళ్లప్పుడు యజమాని ఎదురుమాటల పుస్తకం వేద్దామన్నాడు. ఒక్కో పేజీకి ఒక జత. క్లీన్, డర్టీ. క్లెవర్, డల్. బ్రేవ్ ఒక వైపు, పిరికిది ఒక వైపు. రెండు బొమ్మలు, రెండు అర్థాలు, రెండు వాక్యాలు. ప్రెస్సుకు బొమ్మలు వేసే ఆయన చూడందే గీత గీయని మనిషి. ఈడూ జోడూ ఒకటిగా ఉన్న ఇద్దరు పిల్లలు కావాలన్నాడు. మా ఇంట్లోనే ఉన్నారు కదా అని అర్థాలయ్య ఇద్దరినీ ప్రెస్సు మేడ మీదికి తీసుకుపోయాడు. ఆరు ఆదివారాలు. కూర్చున్నందుకు చెరొక పన్నెండు రంగుల పెన్సిళ్ల డబ్బా ఇస్తానని బొమ్మలాయన పిల్లలకు మాటిచ్చాడు. పిచ్చుక ఆ డబ్బా మూత మీది నెమలిని తాకి చూసి, ‘నాది నాకేనా? ఇద్దరికీ కలిపి కాదు కదా?’ అని రెండుసార్లు అడిగింది.

గదిలో కిటికీ పక్కన రెండు పీటలు. ఎడం పీట మీద బుజ్జి, కుడి పీట మీద పిచ్చుక. మొదటి పేజీ క్లీన్, డర్టీ. బొమ్మలాయన బొగ్గుముక్క అందించాడు. పిచ్చుక చెంపకు మసి రాసింది అర్థాలయ్యే, తన బొటనవేలితోనే. పిల్లకు చక్కిలిగింత పుట్టి నవ్వింది. నవ్వకే, నువ్వు మురికిపిల్లవి అని బుజ్జి ఆటలో అంది. రెండో పేజీకి పిచ్చుక జడ విప్పించారు. మూడో పేజీ మొదలుపెట్టబోతూ బొమ్మలాయన బ్రష్షు చెవి మీద పెట్టుకుని, అటూ ఇటూ చూసి అన్నాడు.

‘ఈ పేజీకి పిల్లల్ని మారుద్దామా అర్థాలయ్యగారూ? ఒకరే ఎప్పుడూ చెడ్డవైపు కూర్చుంటే ఏం బాగుంటుంది. పసివాళ్లు.’

అప్పుడు అర్థాలయ్య అన్న మాట ఇది.

‘వద్దులెండి. చదివే పిల్లలకు తికమక. ఎడం వైపు ఎప్పుడూ మంచి, కుడి వైపు ఎప్పుడూ చెడ్డ. ముఖం చూడగానే పిల్లకు అర్థం తట్టాలి.’

పని తెలిసినవాడు అనాల్సిన మాటే. యజమాని విని సెభాష్ అన్నాడు కూడా. పుస్తకం అంతలా అమ్ముడుపోవడానికి అదే కారణమని తరవాత అందరూ చెప్పుకున్నారు. అందుకే ఆ సందేహం తెగలేదు. మాట తప్పయితే తేలిపోయేది. మాట ఒప్పు.

మూడో ఆదివారం మెట్లు దిగుతూ పిచ్చుక ఆయన చొక్కా పట్టుకుని లాగింది. ‘మావయ్యా, నేనెప్పుడు అటు కూర్చుంటాను?’ అంది. ‘వచ్చే ఆదివారం’ అన్నాడు. నాలుగో వారం కూడా అడిగింది. అదే జవాబు. అయిదో వారం అడగలేదు.

పుస్తకం వచ్చింది. ఆ ఊరి బళ్లన్నిటికీ వెళ్లింది, పిల్లలిద్దరూ చదివే బడికి కూడా. మూడో తరగతి టీచరు పుస్తకం తెరిపించి డర్టీ అని పైకి చదివితే, నలభై మంది పిల్లలు పుస్తకంలోకి చూసి, తలలు తిప్పి పిచ్చుకను చూశారు. ముఖం చూడగానే అర్థం తట్టింది. పేజీ తిప్పినకొద్దీ తట్టింది. డల్. లేజీ. సారీ అన్న మాటకు కూడా ఒక బొమ్మ ఉంది. పగిలిన గాజుగ్లాసు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్ల. అది కూడా పిచ్చుకే. మధ్యాహ్నానికల్లా దానికి కొత్త పేరు వచ్చింది, కుడి వైపు పిల్ల. పెద్ద తరగతుల వాళ్లు కూడా వచ్చి చూసి పోయారు. బుజ్జి చుట్టూ కూడా పిల్లలు చేరారు, అది వేరే సంగతి.

మూడో రోజు సాయంత్రం పిచ్చుక ఆ పుస్తకంలో తనున్న పేజీలన్నీ చింపసాగింది. కోపంతో చింపినట్టు కూడా లేదు, కుట్టు దగ్గర మడిచి, గోరుతో గీసి, వరసగా చింపి పొయ్యి పక్కన దొంతర పెట్టింది. అర్థాలయ్య ప్రెస్సు నుంచి వచ్చేసరికి ఇంకా రెండు మిగిలాయి.

పుస్తకమంటే ఆయనకు దేవుడితో సమానం. కాలు తగిలితే కళ్లకద్దుకునే మనిషి. పిల్ల అరచెయ్యి చాపించి స్కేలుతో మూడు దెబ్బలు కొట్టాడు. బొమ్మలాయన పంపిన పెన్సిళ్ల డబ్బాలు రెండూ ఆ రోజు ఆయన సంచీలోనే ఉన్నాయి. ఒకటి తీసి బుజ్జికిచ్చాడు. రెండోది పిచ్చుకకు చూపించి, ‘పుస్తకాలు చింపేవాళ్లకు పెన్సిళ్లు లేవు, బుద్ధి వచ్చాక అడుగు’ అని దేవుడి అరలో, ప్రార్థన పుస్తకాల వెనక పెట్టాడు.

పిచ్చుక అడగలేదు. బుద్ధి రాలేదేమోనని కొన్నాళ్లు, అడగడానికి పొగరేమోనని కొన్నాళ్లు అనుకున్నాడు. డబ్బా అక్కడే ఉండిపోయింది. రోజూ పొద్దున్నే ప్రార్థన పుస్తకం తీసేటప్పుడు మూత మీది నెమలి కనబడేది. చేతులు జోడించేది దేవుడికో నెమలికో తెలియని రోజులు కూడా ఉన్నాయి.

ఆ తరవాత పిచ్చుక గుమ్మంలోంచి అర్థాలు చెప్పడం మానేసింది. నువ్వు పోయి మీరు వచ్చింది. చదువు పదితో ఆపి, కుట్టుపని నేర్చుకుంది. చెల్లెలు పోయే ముందు, మంచం దగ్గర ఎవరూ లేనప్పుడు, అన్నను దగ్గరికి పిలిచి ఒక్క మాటంది. ‘అన్నయ్యా, నువ్వు తిండి పెట్టావు, కాదనను. నా కూతురి ముఖానికి మసి ఎందుకు పూశావని ఒక్కసారి అడగాలనుకున్నాను. అడిగితే మర్నాటి తిండి ఎక్కడిదని ఊరుకున్నాను.’ ఆయన ఆమె కాళ్లకు దుప్పటి సర్ది లేచి వచ్చేశాడు. బొమ్మ కోసం కదమ్మా అని మాత్రం అనలేకపోయాడు.

ఇప్పుడు బుజ్జి పెళ్లయి వేరే ఊళ్లో ఉంది. పిచ్చుకకూ పెళ్లయింది, ఎనిమిదేళ్ల కూతురుంది. నాలుగు వీధుల అవతల బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణం నడుపుతోంది. అర్థాలయ్య పనిలోంచి దిగిపోయి చాలా కాలమైంది. ఆ మధ్య ఒక పొద్దున భార్య గిన్నెలు సర్దుతూ, తనలో తను అనుకుంటున్నట్టుగా అంది. పిచ్చుక కూతురికి బడిలో ఈ ఏడు ఆ పుస్తకమే పెడుతున్నారట. రంగుల్లో కొత్తగా వేశారట, బొమ్మలు మాత్రం అవేనట. ‘ఆ పిల్ల అచ్చు గుద్దినట్టు వాళ్లమ్మే’ అని, గిన్నె బోర్లించి, ‘మీరు రోజూ దణ్ణం పెట్టే దేవుడు చూస్తూనే ఉన్నాడు లెండి’ అంది.

అర్థాలయ్య ఆ రోజే ప్రెస్సుకు వెళ్లాడు. పాత యజమాని లేడు, కొడుకు ఉన్నాడు. చిన్న యజమాని కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, కొత్త పుస్తకం చూపించాడు. పిచ్చుక చెంప మీది మసి ఇప్పుడు నల్లగా లేదు, గోధుమరంగులో ఉంది. నలుపు కంటే ఘోరంగా ఉంది. మళ్లీ వేసేటప్పుడు బొమ్మలు మార్చాలని అర్థాలయ్య అన్నాడు. ఎందుకని కుర్రాయన అడిగాడు. అప్పుడు తన నోటి నుంచి వచ్చింది విని ఆయనే నివ్వెరపోయాడు. గీతలు పాతబడ్డాయి, ఈ కాలం పిల్లలకు అర్థం కావు అన్నాడు. అది నా మేనకోడలు అన్నమాట నాలుక చివరిదాకా వచ్చి, పని మాట అడ్డం పడగానే వెనక్కి పోయింది.

‘అవే బొమ్మలు కావాలని తల్లిదండ్రులు అడుగుతున్నారండీ. మేం చదివిందే మా పిల్లలూ చదవాలంటున్నారు’ అన్నాడు చిన్న యజమాని. ఎడం మంచి కుడి చెడ్డ అన్న ఆలోచన మీదే కదా, ఇప్పుడు మా పోటీవాళ్లు కూడా కాపీ కొడుతున్నారని నవ్వాడు. అర్థాలయ్య కాఫీ సగంలో వదిలి లేచాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అక్కణ్ణుంచి బొమ్మలాయన ఇంటికి పోయాడు. కుడి వైపు పిల్లను మారుస్తూ కొత్తగా వేసిస్తే, బతిమాలో కాళ్లు పట్టుకునో ఒప్పించవచ్చని ఆశ. బొమ్మలాయనకు చూపు మందగించింది. కిటికీ దగ్గర కూర్చుని బ్రష్షులు పట్టని వేళ్లతో బఠాణీలు ఒలుస్తున్నాడు. అడుగుల చప్పుడును బట్టి గుర్తుపట్టి, రండి అర్థాలయ్యగారూ అన్నాడు. వచ్చిన పని విని, చేతులు ఎత్తి చూపించి, వీటితోనా అన్నాడు. ఇరవై ఆరేళ్లుగా దేవుణ్ణి అడుగుతున్నది ఒక మనిషిని అడగవచ్చునని అర్థాలయ్యకు అప్పుడు తోచింది.

‘ఆ రోజు పిల్లల్ని మార్చొద్దన్నాను కదా. అది పని కోసం అన్నదే కదూ?’

బొమ్మలాయన బఠాణీ గింజ ఒకటి వేళ్ల మధ్య దొర్లించాడు.

‘ఆ మాట సంగతి నాకు తెలీదు. దానికి ముందుది తెలుసు. మొదటి రోజు పిచ్చుక మీ అందరి కంటే ముందు మెట్లెక్కి వచ్చి ఎడం పీట మీద కూర్చుంది. కిటికీలోంచి వీధి కనబడుతుందని. అప్పటికి ఏ పీట మంచో ఏది చెడ్డో నేనింకా చెప్పలేదు, మీ చేతిలో కాగితం మీద మాత్రం ఉంది. మీరొచ్చి రెక్క పట్టుకుని లేపి, కుడి పీట మీద కూర్చోబెట్టి, మీ అమ్మాయిని అక్కడ కూర్చోబెట్టారు. నేను చూస్తూనే ఉన్నాను. తరవాత మారుద్దామని అడిగింది అందుకే.’

అర్థాలయ్యకు అది గుర్తులేదు. పిల్లలు వాళ్లంతట వాళ్లే అలా కూర్చున్నారనే ఇన్నేళ్లూ అనుకున్నాడు. కానీ బొమ్మలాయన చూడందే గీత గీయని మనిషి. చెబుతుంటే ఆ చిన్న రెక్క తన గుప్పిట్లో ఉన్నట్టే అయింది.

మర్నాడు పొద్దున దేవుడి అర ముందు కూర్చున్నాడు గానీ, ఏమీ అడగలేదు. ప్రార్థన పుస్తకాల వెనక చెయ్యి పెట్టి డబ్బా తీశాడు. పంచె చెంగుతో దుమ్ము తుడిచి, సంచీలో వేసుకుని, పిచ్చుక దుకాణానికి నడిచాడు.

దుకాణం చిన్నది. ఒక మిషను, ఒక పొడుగాటి బల్ల, గోడకు కొలతల కాగితాలు. పిచ్చుక బల్ల మీద నీలం గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తోంది. కూతురు నేల మీద బోర్లా పడుకుని ఆ కొత్త పుస్తకమే చూస్తోంది. అర్థాలయ్య గుమ్మంలో ఆగిపోయాడు. అప్పుడు గుమ్మంలో నిలబడి అర్థాలు చెప్పింది ఆ పిల్ల తల్లి. ఇప్పుడు గుమ్మం తన వంతు వచ్చింది.

‘రండి మావయ్యా. కూర్చోండి’ అంది పిచ్చుక, గీత ఆపకుండా.

పిల్ల తలెత్తి చూసి, పుస్తకం ఎత్తి పట్టుకుని, తాతయ్యా ఇది మా అమ్మ అంది. ఆ మాటలో సిగ్గు లేదు. అర్థాలయ్య పిచ్చుక వైపు చూశాడు.

‘దాక్కుంటే ఎక్కడ దాక్కుంటుంది, ముఖం నాదేనాయె’ అంది పిచ్చుక. ‘అందుకని నేనే ముందు చెప్పాను. బడిలో ఎవరైనా అంటే, మా అమ్మ ఆ బొమ్మకు కూర్చుంది, అది పని, పనికి రంగు పెన్సిళ్ల డబ్బా కూలి అని చెప్పమన్నాను. బాగానే ఉందంది. మరి ఆ డబ్బా ఏదీ, చూపించు అంది. పోయిందని చెప్పాను. పిల్లతో మొదటిసారి అబద్ధమాడాను మావయ్యా. ఇవ్వలేదంటే, నిజంగానే అలాంటిదానివని ఇవ్వలేదా అని అడుగుతుంది.’

అర్థాలయ్య సంచీలో చెయ్యి పెట్టాడు. లోపల పెన్సిళ్లు గలగలలాడాయి. డబ్బా బల్ల మీద, నీలం గుడ్డ మీద పెట్టాడు. పిచ్చుక సుద్ద ఆగింది. నెమలి కంఠం దగ్గర రంగు పెచ్చు లేచింది గానీ మిగతాదంతా అలాగే ఉంది.

‘ఎడం పీట మీద నువ్వే ముందు కూర్చున్నావమ్మా’ అన్నాడు. ‘నేనే లేపాను. పని కోసం కాదు.’

‘తెలుసు.’

‘నీకు గుర్తుందా?’

‘రెక్క పట్టుకుని లేపితే రెక్కకు గుర్తుంటుంది కదా మావయ్యా.’

ఆయన ఇంకా చెప్పాల్సిన మాట ఒకటుంది. దాని అర్థం ఆయనే రాశాడు, తప్పు చేసినప్పుడు చెప్పే మాట అని. పెదవులు కదిలే లోపే పిచ్చుక కనిపెట్టి చెయ్యి అడ్డంగా ఊపింది.

‘అది మీరు అనొద్దు. మీ పుస్తకంలో ఆ మాట అనేది నేనే కదా. ఇరవై ఆరేళ్లుగా ఊరి పిల్లలందరి ముందూ చేతులు కట్టుకుని నిలబడి అంటూనే ఉన్నాను. ఆ గ్లాసు నేను పగలగొట్టలేదు కూడా. ఇప్పుడు మీరు ఒక్కసారంటే దానికి ఇది సరిపోతుందా?’

కోపంగా అనలేదు. గుడ్డ సరిపోతుందా అని అడిగినట్టే అడిగింది. సరిపోదని ఇద్దరికీ తెలుసు. ఆయన తలదించుకున్నాడు. ఈసారి ఆ తలదించుకోవడంలో తీపి లేదు.

పిచ్చుక డబ్బా మూత తీసింది. పన్నెండూ ఉన్నాయి, ఒక్కటీ చెక్కనివి. ఎర్రది తీసి బ్లేడుతో చెక్కింది. ములుకు విరిగి కింద పడింది. మళ్లీ చెక్కింది, మళ్లీ విరిగింది. పిల్ల బల్ల పక్కన మునివేళ్ల మీద లేచి చూస్తోంది. మూడోసారి ములుకు నిలిచింది. పిచ్చుక దాన్ని బొటనవేలితో నొక్కి చూసి, నీలం గుడ్డ మీద ఎర్రగా ఒక గీత గీసి, పెన్సిలు డబ్బాలో పెట్టి, డబ్బా కూతురి చేతికిచ్చింది.

‘ఇదే అది. ఎవరైనా అడిగితే చూపించు’ అంది.

తరవాత కత్తెర అందుకుని, ఆయన వైపు చూడకుండానే, ‘కూలి ముట్టింది మావయ్యా’ అంది.